మిద్దె మీద స్టీరింగు

పెంచలయ్య బస్సెక్కితే చివరి సీట్లోనే కూర్చుంటాడు. అక్కడ చోటు లేకపోతే వెనక అద్దానికి వీపు ఆనించి నిలబడతాడు గానీ, ముందు ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోడు. టీ కొట్లో గోడ పక్క బల్ల ఖాళీ అయ్యేదాకా గ్లాసు పట్టుకుని నిలబడే ఉంటాడు. తన వెనక మనిషి ఉంటే ఆయనకి టీ దిగదు. మాటిమాటికీ తిరిగి చూస్తుంటాడు.

ఆయనా నేనూ ఒకే షెడ్డులో కూలీలం. ఫైబరు పడవలు చేసే షెడ్డు అది. అచ్చులోంచి తీసిన పడవని మిషనుతో అరగదీసి నున్నగా చేయడం మా పని. ఆ పొడి మెడ మీదా, మోచేతుల మడతల్లోనూ చేరి నిద్రపోనివ్వదు. నేను అయిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ ఇలాంటి పనులు చాలా చేశాను. ఇప్పుడు వేరే పని వెతుక్కునే ఓపిక లేక ఇందులోనే ఉన్నాను. పెంచలయ్య సంగతి వేరు. ఆయన పడవ నడపడంలో ఆ తీరమంతా పేరున్న మనిషి. అలాంటివాడు సముద్రం ఎదురుగా పెట్టుకుని, ఒక్క పడవా ఎక్కకుండా, ఒడ్డున కూర్చుని పడవలు అరగదీస్తున్నాడు.

నేను పనిలో చేరిన మొదటి రోజే ఒక తప్పు చేశాను. ప్లైవుడ్డు ముక్కకి మేకు పెట్టి రెండు దెబ్బలు కొట్టి ఆపాను. షెడ్డు అవతలి కొసన మిషను ఆగిపోయింది. పెంచలయ్య వెనక్కి తిరిగి నావైపు చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు లేదు. షెడ్డు యజమాని అమీర్ బాషా మేస్త్రీ గబగబా వచ్చి నా చేతిలో సుత్తి లాక్కుని, ఆ మేకు మీద ఇంకో దెబ్బ కొట్టాడు.

"ఈడ ఎవరూ రెండు కొట్టి ఆపరు మునీరూ. మూడోది కొట్టాల. మేకు దిగినా దిగకపోయినా కొట్టాల."

ఆ షెడ్డులో అందరూ అంతే. మేస్త్రీ భార్య జైతూన్‌బీ టీ తెచ్చి, గ్లాసుతో రేకు తలుపు మీద మూడుసార్లు తట్టి లోపలికి వచ్చేది. ఎందుకని అడిగితే, "నీకెందుకు, టీ తాగు," అనేది. తర్వాత కొంత పెంచలయ్యే చెప్పాడు, కొంత ఆయన మరదలు మస్తానమ్మ చెప్పింది.

పెంచలయ్యది షెడ్డుకి దగ్గర్లోనే, కాలువ సముద్రంలో కలిసే మొగ పక్కన ఉన్న, చేపలు పట్టే పట్టపువాళ్ల పాళెం. ఆ పాళెంలో చిన్న పడవలన్నీ తోక ఇంజను పడవలు. నడిపేవాడు వెనక కొసన నిలబడి ఇంజను పిడి పట్టుకుంటాడు. మిగతా అందరూ అతని కళ్ల ముందుంటారు. ఎవరు వల లాగుతున్నారు, ఎవరు కునికిపాట్లు పడుతున్నారు, ఎవరు బీడీ ముట్టించారు, అన్నీ కనబడతాయి. పెంచలయ్య మీసాలు రాకముందు నుంచే అక్కడ నిలబడ్డాడు. మొదట తండ్రి, తర్వాత తమ్ముడు పోలయ్య ఆయన కళ్ల ముందే పని చేసేవాళ్లు.

ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ కలిసి కాస్త పెద్ద పడవ తెచ్చుకున్నారు. ఇంజను లోపల ఉంటుంది. ముందు చిన్న గది, అందులో స్టీరింగు. నడిపేవాడికి ఎండ తగలదు, వాన తగలదు. కానీ ఇప్పుడు అతని వీపు పడవవైపు ఉంటుంది. ఇంజను హోరులో కేక వేసినా వినబడదు. అందుకని వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. పెంచలయ్య ఇంజను తగ్గించి, గది గోడ మీద ఇనప కడ్డీతో ఒక దెబ్బ కొడతాడు. ఉన్నావా అని. వెనకున్న పోలయ్య కర్రతో పడవ మీద రెండు దెబ్బలు కొడతాడు. ఉన్నానని. చెవులకి అందకపోయినా అరికాళ్లకి తెలిసిపోతుంది. పాళెంలో స్టీరింగు పడవలు కొన్నవాళ్లంతా అది నేర్చుకున్నారు. కొత్తగా పెళ్లయిన ఒకతను, భార్య గరిటెతో గిన్నె మీద ఒక దెబ్బ కొడితే అరుగు మీద నుంచి రెండు దెబ్బలు కొట్టేవాడని ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఒక చలికాలం పొద్దున, రేవులో ఇంజను బాగుచేయించుకుని పాళేనికి పడవ తెస్తున్నారు. పడవలో అన్నదమ్ములిద్దరే. చెయ్యి చాచితే వేళ్లు కనబడనంత మంచు. పోలయ్య వెనక కూర్చుని తాడు చుడుతున్నాడు. దారిలో పెంచలయ్య మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ రెండేసి దెబ్బలు వచ్చాయి. మంచు విడి ఒడ్డు కనబడ్డాక వెనక్కి తిరిగి చూశాడు. సగం చుట్టిన తాడు ఉంది. పోలయ్య లేడు.

పాళెం పడవలన్నీ వెళ్లి వెతికాయి. ఏ ఒడ్డుకీ ఏమీ కొట్టుకురాలేదు. కాలు జారి ఉంటుందన్నారు. పెంచలయ్య ఒక్కడే ఒప్పుకోలేదు.

"అడిగినా. చెప్పినాడు. ఒడ్డు కనపడే ముందర కూడా అడిగినా, అప్పుడూ చెప్పినాడు. ఆ రవ్వంతసేపట్లో మనిషి యాడికి పోతాడు? పోతే నేను తిరిగినప్పుడు నీళ్లలో కనపడడా?"

ఆ పాళెంలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రంలో మనిషి పోయి శవం దొరక్కపోతే, ఆ రోజు పడవ నడిపినవాడు ఊరి కాపుల ముందు నిలబడి, వాడు నా పడవలో లేడు అని చెప్పాలి. కాపులంటే ఆ పాళెం పెద్దలు. ఆ మాట అయ్యాకే పోయినవాడి చొక్కా ఒకటి ఇసకలో పూడ్చి, చేయాల్సినవన్నీ చేస్తారు. ఆ మాట రానంతవరకూ వాడింకా పడవలో ఉన్నట్టే. కన్నతండ్రి చెప్పినా చెల్లదు. నడిపినవాడే చెప్పాలి.

పెంచలయ్య చెప్పలేదు. మొండితనం కాదు. రెండు దెబ్బలు తన కాళ్లతో విన్నవాడు, కాపుల ముందు నిలబడి అబద్ధం ఎలా చెబుతాడు? పడవ అమ్మేశాడు. మళ్లీ పడవ ఎక్కలేదు. ఏళ్లు గడిచాయి.

ఆ ఏళ్లన్నీ మస్తానమ్మ మధ్యలో నిలబడిపోయింది. పోలయ్య భార్య ఆమె. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టిందని అక్కడి స్వామి పేరే పెట్టారు. మొగుడు పోయినట్టు కాదు కాబట్టి బొట్టు తీయలేదు. ఉన్నట్టూ కాదు కాబట్టి పెళ్లిళ్లకి పిలిచేవాళ్లు లేరు. పేరంటానికి వెళితే ఆమె చేతికి పసుపు ఇవ్వాలా వద్దా అని ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. ఆమె వెళ్లడమే మానేసింది. ఎండుచేపలు అమ్ముకుంటూ, బావకి ఇంత వండి మధ్యాహ్నం షెడ్డుకి క్యారియరు తెచ్చేది. క్యారియరు ఇచ్చేటప్పుడు ఎప్పుడూ ఒకటే అడిగేది.

"బావా, ఆ మాట చెప్తావా?"

ఆయన అన్నం కలుపుకుంటూ ఉండేవాడు. ఆమె గిన్నెలు తీసుకుని వెళ్లిపోయేది.

ఇలా ఉండగా విజయభాస్కర్ అనే ఆయన మా షెడ్డుకి వచ్చాడు. సూళ్లూరుపేటలో ఆయనకి లాడ్జి ఉంది. గేలాలతో చేపలు పట్టే సరదా ఉన్నవాళ్లని చెన్నై నుంచి రప్పించి సముద్రంలో తిప్పాలని ఆయన ఆలోచన. దానికి చిన్న బోటు కావాలి. కింద గది, వెనక గేలాలు వేసుకునే చోటు, గది పైన ఇంకో అంతస్తు. ఆ పై అంతస్తుని ఆయన ఫ్లైబ్రిడ్జ్ అనేవాడు, మేమంతా మిద్దె అనేవాళ్లం. నాలుగు రోజులు తిరిగేసరికి ఆయన కూడా మిద్దె అనడం మొదలుపెట్టాడు.

బోటు గుల్ల తయారయ్యాక మిద్దె మీద స్టీరింగు ఎక్కడ పెట్టాలన్న చిక్కు వచ్చింది. మిద్దె మా ఇంటి వసారా అంత కూడా లేదు. అందులోనే స్టీరింగు, లివరు, దిక్సూచి, చేపలు చూపించే తెర, నడిపేవాడికి కుర్చీ, వచ్చినవాళ్లకి సోఫా, పైకి ఎక్కే నిచ్చెనకి కంత, ఇవన్నీ పట్టాలి. ఒకసారి ఫైబరు పోసి బిగించాక మార్చడం కష్టం. అందుకని మేస్త్రీ ముందు ఉత్తుత్తిది కట్టించాడు. పాత ప్లైవుడ్డుతో బల్ల, ప్లాస్టిక్ కుర్చీ, రంగు డబ్బా మూతని స్టీరింగులా మేకుతో బిగించాం. లివరుకి బదులు చీపురు కర్ర.

విజయభాస్కర్ బల్లని మిద్దె ముందు కొసకి జరిపించి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇక్కడైతే నడిపేవాడికి ఏదీ అడ్డం ఉండదు మేస్త్రీ. వెనకంతా సోఫా వేసుకోవచ్చు," అన్నాడు. అంటూ స్టీరింగు ఒక తిప్పు తిప్పాడు. డబ్బా మూత ఊడి ఒళ్లో పడింది.

కింద నుంచి జైతూన్‌బీ అంది, "సారూ, మెల్లిగా. లైసెన్సు ఉండాదా మీకు?"

"లెర్నర్సే అమ్మా," అన్నాడాయన నవ్వుతూ.

దిక్సూచి పక్కనే పాటల స్పీకరు పెట్టాలని ఆయన కోరిక. స్పీకరు దగ్గరికి తేగానే ముల్లు అటు తిరిగిపోయింది. దూరం జరిపితే మళ్లీ ఇటు వచ్చింది. ఆయనే రెండుసార్లు జరిపి చూసి, "పాట పెడితే ఉత్తరం పోతోంది," అని స్పీకరు నా చేతికిచ్చేశాడు.

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "సార్, నేను ఎన్ని పడవలు చేసినా ఒకటీ నడపలా. మీరూ నడపలా. స్టీరింగు పట్టినోడు ఒకడు కూర్చుంటే గదా ఎత్తు, దూరం తెలిసేది." కిందికి వంగి చూశాడు. "పెంచలా! ఒక్కసారి ఎక్కి కూర్చో. పడవ నేల మీదనే ఉండాది. కింద నీళ్లు గూడా లేవు."

పెంచలయ్య మిషను ఆపలేదు. "నేను దిగేసినా బాయ్. ఇంక ఎక్కను."

అప్పుడే మస్తానమ్మ క్యారియరుతో వచ్చింది. పైన కుర్చీ చూసింది, బల్ల చూసింది. క్యారియరు కింద పెట్టి, ఎవర్నీ అడక్కుండా నిచ్చెన ఎక్కింది. విజయభాస్కర్ లేచి పక్కకి తప్పుకున్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని డబ్బా మూత రెండు చేతులా పట్టుకుంది. ఎదురుగా మొగ, దాని అవతల సముద్రం కనబడుతున్నాయి.

"మునీరన్నా, నువ్వు పోయి కింద ఎనక కొసన నిలబడు."

నిలబడ్డాను.

"ఇప్పుడు చప్పుడు చేయకుండా దిగిపో. యాడికన్నా పో."

చెప్పులు చేత్తో పట్టుకుని దిగి, రెజిన్ డ్రమ్ముల చాటుకి వెళ్లాను. ఆమె ముందుకే చూస్తూ ఉంది. కాసేపటికి అడిగింది.

"మునీరన్నా, ఉండావా?"

ఎవరూ పలకలేదు. ఎప్పుడో గానీ ఆగని మిషను ఆగింది.

"ఉండావా అన్నా?"

నాకు పలకాలనిపించింది. డ్రమ్ముకి ఆనుకుని ఉండిపోయాను. ఆమె వెనక్కి తిరక్కుండానే లేచింది.

"సారూ, ఈడ పెడితే నడిపేవోడికి ముందరంతా బాగానే కనపడతాది. ఎనక గేలాలేసుకునేవోడు నీళ్లలో పడినా తెలీదు. వాడికీ ఇంట్లో ఒక పెళ్లాం ఉంటాది. నాకుమల్లే."

విజయభాస్కర్‌కి ఆమె కథ తెలియదు. అయినా ఆమె గొంతులో ఏదో విన్నట్టున్నాడు. "నేను చూసిన వీడియోల్లో కూడా కొన్నిటికి వెనకే ఉందమ్మా. సోఫాకి చోటు పోతుందని నేనే ముందుకన్నాను. పోతే పోయింది," అన్నాడు.

అప్పుడు పెంచలయ్య మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పి, చేతులు తుడుచుకుని, నిచ్చెన ఎక్కాడు.  కుర్చీని తనే వెనక్కి లాగాడు.

"ఇంకా ఎనక్కి. బల్ల కూడా. ఇంకా జరుపు మునీరూ, ఏం, అన్నం తినలేదా?"

మిద్దె వెనక కటకటాలకి కుర్చీ వీపు తగిలేదాకా జరిపించాడు. కూర్చుని చూశాడు, నిలబడి చూశాడు. మెడ తిప్పితే చాలు, కింద గేలాలు వేసే చోటంతా కనబడుతోంది. లివరు కుడి పక్కన బల్ల అంచుకి పెట్టమన్నాడు. మనిషి సగం వెనక్కి తిరిగినా చెయ్యి దాని మీదే ఉండాలి. నిచ్చెన కంత కుర్చీ పక్కనే ఉంటే, లేచి అడుగేసినవాడు అందులో పడతాడని దాన్ని ఎడమ మూలకి మార్పించాడు. సోఫా ఇంక ముందుకే వస్తుంది కాబట్టి, ఆ చోట్లో నన్నూ మేస్త్రీనీ కూర్చోబెట్టి, "మీ తలకాయలు అడ్డం," అన్నాడు. సోఫా కాళ్లు తీసేసి నేలకి అంటించేటట్టు మేస్త్రీ సుద్దతో గీసుకున్నాడు. చివరికి పెంచలయ్య బల్ల పక్కన చెయ్యి పెట్టి చూపించాడు.

"ఈడ ఒక ఇనప కడ్డీ యాలాడదీయి బాయ్."

"హారన్ పెడుతున్నాం కదా పెంచలయ్యా," అన్నాడు విజయభాస్కర్.

"హారను ఊరికే అరస్తాది సార్. అడగదు."

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను సుత్తి వైపు చూశాను.

ఆయన అన్నం తినేటప్పుడు మస్తానమ్మ ఎదురుగా కూర్చుంది. రోజూ అడిగే మాట అడగలేదు.

"బావా, ఈ బోటు నీళ్లలోకి దిగినప్పుడు నువ్వే నడుపు. పోలయ్య లేకుండా పోయిన తావుకి పో. కడ్డీతో అడుగు. పలికితే ఇంక ఈ జన్మలో ఆ మాట చెప్పమని నిన్ను అడగను. పలక్కపోతే కాపుల ముందరికి రా."

ఆయన ముద్ద చేతిలోనే ఉంది. "పలికితే?"

"పలికితే ఇట్టనే ఉంటా. ఎదురుచూస్తా. అదీ ఒక బతుకే గదా. ఏదో ఒకటి అయిపోవాల నేను."

"సరే," అన్నాడాయన. ఆ ముద్ద తిన్నాడు. తర్వాతది తినలేకపోయాడు.

బోటు దించేనాడు మొగ దగ్గర జనం బాగా వచ్చారు. గుమ్మడికాయ కొట్టారు, గంగమ్మకి దణ్ణం పెట్టారు, మేస్త్రీ చేతులెత్తి దువా చేశాడు. సంగతి ఎలా తెలిసిందో పాళెం ఆడవాళ్లంతా మస్తానమ్మ పక్కన చేరారు.  మేస్త్రీ, విజయభాస్కర్, నేను, పెంచలయ్య నలుగురం ఎక్కాం. మొగ దాటాక పెంచలయ్య మమ్మల్ని మిద్దె మీదికి రమ్మన్నాడు.

"కింద ఒక్కరూ ఉండబాకండి," అన్నాడు.

సముద్రం నూనె పోసినట్టుంది. ఆయన స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తే, ఇన్నేళ్లూ ఆ చేతులు మిషను పట్టాయంటే నమ్మబుద్ధి కాలేదు. ఒడ్డున తాటితోపుని, దాని వెనక సెల్ టవరుని ఒకే గీతలోకి తెచ్చుకుంటూ పోయాడు. టవరు తోపు చాటుకి వెళ్లగానే లివరు వెనక్కి లాగాడు. ఇంజను తగ్గింది. కడ్డీ అందుకుని బల్ల మీద ఒక దెబ్బ కొట్టాడు.

 బోటు ముందుకి జారుతూ నెమ్మదించింది.

రెండు దెబ్బలు వచ్చాయి.

చెవికి కాదు, కాలికి. మిద్దె అడుగు నుంచి నా అరికాళ్లలోకి. ఒకటి, ఆగి ఇంకొకటి.

"ఎవరు కింద?" అన్నాడు విజయభాస్కర్. అని మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు. నలుగురం పైనే ఉన్నాం. 

పెంచలయ్య ముందుకే చూస్తున్నాడు. మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. తల తిప్పితే వెనక కనబడుతుంది. కనబడాలనే కుర్చీ అక్కడ వేశాం, బల్ల అక్కడ పెట్టాం. ఆయన తిప్పడం లేదు.

"పెంచలా," అన్నాడు మేస్త్రీ, చాలా మెల్లిగా. "తిరుగు. ఇందుకే గదా ఈడ పెట్టింది."

"తిరిగితే వాడు లేకపోతే?"



పెంచలయ్య లివరు ముందుకి తోశాడు. బోటు లేచింది. కొంత దూరం పోయాక మళ్లీ లాగాడు, మళ్లీ కడ్డీతో కొట్టాడు. ఈసారి దెబ్బ పడీ పడగానే తిరిగాడు. మేమూ తిరిగాం.

వెనక మేం రేపిన అలే మమ్మల్ని తరుముకుంటూ వస్తోంది. బోటు నెమ్మదించింది గనక అది వచ్చి వెనక కొసని అందుకుంది, ఎత్తింది, దించింది. పట్టిన చేపలు వేయడానికి అక్కడ పెట్టిన ఐసు పెట్టె మూత బెత్తెడంత పైకి లేచి పడింది. వెనకే ఇంకో అల. మూత మళ్లీ లేచింది, మళ్లీ పడింది. తర్వాత నీళ్లు సర్దుకున్నాయి.

ఆయన మళ్లీ చేశాడు. మళ్లీ. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. ఒకసారి మూత మూడుసార్లు పడింది, ఒకసారి అసలు పడలేదు. మిగతా అన్నిసార్లూ రెండే. చివరికి ఇంజను ఆపేసి కడ్డీ ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా పడవలో గూడా ఐసు పెట్టె ఆడనే ఉన్నింది," అన్నాడు. "గొళ్లెం ఇరిగిపోయి ఉన్నింది. చేపిద్దాం, చేపిద్దాం అనుకుంటానే ఉన్న్యాము."

బోటు అలా తేలుతోంది. విజయభాస్కర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అడిగేదానికి ఇంజను తగ్గిస్తా గదా బాయ్. తగ్గిస్తేనే గదా అల వచ్చేది. నేను అడగబట్టే అది పలికింది." ఒళ్లో కడ్డీని అటూ ఇటూ దొర్లించాడు. "మూడుసార్లు అడిగినా. మూడూ మూతేనా? మొదటిదానికే తిరిగి చూసుంటే దగ్గర్లోనే ఉన్నింటాడేమో. ఈదతానే ఉన్నింటాడేమో. నేను ఉండాడులే అనుకోని లివరు ముందుకి తోసినా."

మేస్త్రీ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. పెంచలయ్య ఆ చెయ్యి తీసేయలేదు, దాన్ని పట్టించుకోనూ లేదు. వెనక ఖాళీగా ఉన్న చోటునే చూస్తున్నాడు. ఇన్నేళ్లు తమ్ముడు పలికాడన్న మాట పట్టుకుని బతికాడు. అది పోయింది. దాని చోట్లో అంతకంటే పెద్దది వచ్చి కూర్చుంది.

తిరిగి వచ్చేసరికి మస్తానమ్మ మోకాళ్ల లోతు నీళ్లలోకి వచ్చి నిలబడి ఉంది. ఆడవాళ్లు ఒడ్డునే ఆగిపోయారు. పెంచలయ్య బోటు దిగి ఆమె ముందుకి వెళ్లాడు.

"రెండు దెబ్బలు వచ్చినాయి," అన్నాడు.

ఒడ్డున ఎవరో అమ్మా అన్నారు. మస్తానమ్మ చెయ్యి మెడలో పసుపుతాడు మీదికి పోయింది.

"ఐసు పెట్టె మూత మస్తానమ్మా. ఇంజను తగ్గిస్తే అల వచ్చి ఎత్తేస్తాది. నా కండ్లతో చూసినా. వాడు కాదు."

ఆమె చాలాసేపు నీళ్లలోకి చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. ఆయన ముఖంలో ఏం కనబడిందో, "ఇంకేంది బావా? ఇంకా ఏమో ఉండాది, చెప్పు," అంది.

"మూడూ మూతేనేమో. ఎప్పుడో పోయినాడేమో. నేను మొదటిదానికే తిరిగుంటే..."

"మొదటిది వాడే."

"నీకెట్టా తెలుసు?"

"నువ్వే చెప్పినావు గదా, తాడు సగం చుట్టుండాదని. సగం చుట్టేదాకా ఉండాడు గదా మనిషి? చేతికి అంత తాడు చుట్టాలంటే ఎంతసేపు పడతాదో నాకు తెలీదా? ఇంటికాడ వాకిట్లో ఎన్నిసార్లు చుట్టలేదు వాడు? మొదటిది వాడే కొట్టినాడు. కొట్టి, మళ్లీ తాడు చుట్టుకుంటా ఉండాడు. ఆ తర్వాతవి మూత. ఇంక ఆ లెక్క ఎత్తబాక."

అది నిజమో, ఆయన కోసం అప్పటికప్పుడు కల్పించిందో నాకు తెలియదు. పెంచలయ్య ఆమె ముఖంలోకి వెతుకుతున్నట్టు చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు. అలాగే నిలబడింది.

ఆ సాయంత్రం కాపులు కూర్చున్నారు. పెంచలయ్య వాళ్ల ముందు నిలబడి, "వాడు నా పడవలో లేడు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. పోలయ్య చొక్కాల్లో ఏది ఇవ్వాలో మస్తానమ్మకి తెలుసు. పెట్టె వెతకాల్సిన పని లేకుండా, మడిచి పెట్టినది తెచ్చి ఇచ్చింది. ఇసకలో పూడ్చారు. ఆమె ఏడ్చింది, బిగ్గరగా, అప్పుడే కబురు వచ్చినట్టు. ఆడవాళ్లు ఆమెని పట్టుకున్నారు. ఇన్నేళ్లలో వాళ్లు ఆమెని ముట్టుకోవడం నేను అప్పుడే చూశాను.

మర్నాడు ఐసు పెట్టె మూతకి గొళ్లెం, అంచు చుట్టూ రబ్బరు బిగించమని మేస్త్రీ నాకు చెప్పాడు. పెంచలయ్య నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నేను రబ్బరు అంటించే ముందు, ఆయన మూత కొంచెం ఎత్తి వదిలాడు. మళ్లీ ఎత్తి వదిలాడు. తల వంచి విన్నాడు.

"వాడు ఇంత గట్టిగా కొట్టడు," అన్నాడు. "నాకు అప్పుడే తెలియాల్సింది."

ఇప్పుడు ఆ బోటు ఆయనే నడుపుతున్నాడు. బస్సులో మాత్రం ఇంకా వెనక సీటే. చెన్నై నుంచి వచ్చినవాళ్లు గేలాలు వేసుకుంటూ, ఫోటోలు తీసుకుంటూ ఉంటే మధ్యమధ్యలో కడ్డీతో ఒక దెబ్బ కొట్టి వెనక్కి చూస్తాడట. వాళ్లు అదేదో సరదా అనుకుని చేతులు ఊపుతారట. ఆయన అందర్నీ చూసుకుని, చూసుకున్నాక కూడా కాసేపు ఆగి, అప్పుడు లివరు తోస్తాడని విజయభాస్కర్ చెప్పాడు.

మొన్న పెంచలయ్య బోటుని రంగు వేయించడానికి షెడ్డుకి తెచ్చాడు. నేను ఒక మేకు కొడుతున్నాను. రెండు దెబ్బలకే దిగిపోయింది.

"చాల్లే మునీరూ," అన్నాడు పెంచలయ్య. "ఇంక మూడోది అక్కర్లా. నాకేం కాదు."

సరే అన్నాను. సుత్తి కింద పెట్టబోయాను. ఆయన నా వైపు చూడటం లేదు, బోటు వెనక కొసవైపు చూస్తున్నాడు.  ఎవరో మూడోదాని కోసం ఆగినట్టుంది. నా చెయ్యి దానంతట అదే లేచి ఇంకో దెబ్బ కొట్టింది.